మిరప ఘాటు, పురుగుమందు చిమచిమ: రెండూ నరాల కరెంటే!

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే ముఠా కూలీకి తుమ్ములు, దగ్గు, కళ్ళ మంట తప్పవు. పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట ప్రాంతాల నల్లరేగడి చేలల్లో పత్తికి మందు కొట్టి ఇంటికి వచ్చిన మనిషికి ఆ రాత్రి మొహం మీద చీమలు పాకుతున్నట్టు చిమచిమలాడుతుంది. మొదటిది పంట గుణమని, రెండవది మందు గుణమని మన రైతాంగం సరిపెట్టుకుంటూ వస్తోంది. అయితే ఈ రెండు బాధలూ పుట్టేది ఒక్కచోటే. మనిషి నరంలో పరుగెత్తే సన్నని కరెంటులో!

ఆ కరెంటును తీగ తగిలించకుండా, కేవలం వెలుగుతో, సూక్ష్మదర్శిని కింద కంటికి కనిపించేటట్టు చేసే విద్య గత యాభై ఏళ్ళలో శాస్త్రజ్ఞులకు పట్టుబడింది. ఎక్కడో అమెరికా, ఇంగ్లండు ప్రయోగశాలల్లో జరిగే పని మనకెందుకని కొట్టిపారేయడానికి వీల్లేదు. మిరప ఎందుకు మండుతుందో తేలింది ఈ విద్యవల్లనే. మన పత్తిని కొరికేసిన పచ్చపురుగు మందుకు ఎందుకు చావలేదో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు చూసింది ఆ పురుగు నరాన్నే. రైతు మందుల కొట్టులో పోసే డబ్బుకూ, మందు కొట్టే కూలీ ప్రాణానికీ ఈ విషయంతో నేరుగా సంబంధం ఉంది.

ఒంట్లో కరెంటు ఎక్కడిది?

మనిషి ఒంట్లోనైనా, పురుగు ఒంట్లోనైనా కబురు చేరవేసేది నరమే. నరకణం చుట్టూ ఒక పల్చని పొర ఉంటుంది. ఆ పొరకు లోపలి వైపు, వెలుపలి వైపు మధ్య సుమారు 70 మిల్లీవోల్టుల తేడా ఎప్పుడూ ఉంటుంది. టార్చిలైటులో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టులది. అందులో ఇరవయ్యో వంతు కరెంటు మన నరంలో ఉన్నదన్నమాట.

ఈ పొరలో కంటికి కనిపించని సన్నని తలుపులు ఉంటాయి. మన వంట ఉప్పులో ఉండే సోడియం నరకణానికి వెలుపల ఎక్కువగానూ, పొటాషియం లోపల ఎక్కువగానూ ఉంటాయి. కబురు రాగానే సోడియం తలుపులు తెరుచుకుంటాయి. సాగర్ కుడికాలువ మీద లస్కరు షట్టరు ఎత్తితే నీళ్ళు తూములోకి ఉరికినట్టు సోడియం లోపలికి ఉరుకుతుంది. దాంతో వోల్టేజి తారుమారవుతుంది. సెకనులో వెయ్యో వంతు కాలంలోనే ఆ తలుపులు మూసుకుపోతాయి. తర్వాత పొటాషియం బయటికి పోయి నరం మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది. ఇంతలో పక్కనున్న తలుపులు, వాటి పక్కవి తెరుచుకుంటూ కబురు ముందుకు సాగిపోతుంది.

1850లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో ఈ కబురు సెకనుకు సుమారు 27 మీటర్ల వేగంతో పోతుందని కొలిచి చూపించాడు. సోడియం, పొటాషియం తలుపుల లెక్క తేల్చినవారు ఇంగ్లండుకు చెందిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీ. సముద్రంలో ఉండే స్క్విడ్ అనే జీవికి ఒక మిల్లీమీటరు వరకూ లావుండే నరం ఉంటుంది. దానిలోకి సన్నని తీగను దూర్చి వారు కొలతలు తీశారు. 1952లో ఆ లెక్కను ప్రకటించారు. 1963లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

మిరప తలుపును పట్టిచ్చిన వెలుగు

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పేరు కాప్సైసిన్. అది నాలుక మీద పడితే ఎందుకు మండుతుందన్నది చాలా కాలం అంతుబట్టలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ ముడి విప్పింది.

వారు చేసిన పని వినడానికి సులువుగానే ఉంటుంది. నొప్పిని తెలిపే నరాల్లో పనిచేసే వేలాది జన్యువులను తీసుకుని, మిరప ఘాటు ఏమాత్రం తగలని మామూలు కణాల్లోకి గుంపులు గుంపులుగా ఎక్కించారు. ఆ కణాలకు ఒక ప్రత్యేకమైన రంగు పట్టించారు. కణంలోకి కాల్షియం వచ్చిందంటే ఈ రంగు వెలుగు మారుతుంది. తర్వాత వాటి మీద కాప్సైసిన్ వేసి సూక్ష్మదర్శిని కింద చూశారు. ఏ కణాలు వెలుగు మార్చుకుంటే వాటిలోనే మిరప జన్యువు ఉన్నట్టు లెక్క. గుంపును చీల్చుకుంటూ, మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటూ పోగా చివరకు ఒకే ఒక్క జన్యువు మిగిలింది. నరకణం పొరలో ఉండే ఒక తలుపును తయారుచేసేది ఆ జన్యువు. ఈ తలుపు కాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినా తెరుచుకుంటుంది. అందుకే మిరపకాయ కొరికితే నిప్పు తగిలినట్టు ఉంటుంది. నరానికి ఆ రెండింటి మధ్య తేడా తెలియదు. మన పెద్దలు ఘాటును "మంట" అనడంలో ఎంత నిజం ఉందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఈ పరిశోధనకు గాను జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

చిలకలు ఎర్రటి పండు మిరపను ఇష్టంగా తినడం మన ఊళ్ళలో అందరూ చూసేదే. పక్షుల్లోనూ ఈ తలుపు ఉంది గానీ, దానికి కాప్సైసిన్ తాళంచెవి పట్టదు. ఈ విషయాన్ని కూడా జూలియస్ బృందమే 2002లో తేల్చింది. ఘాటు తగలదు గనుక పక్షి పండును తింటుంది, గింజలను దూరంగా రెట్టలో వేస్తుంది. మిరప మొక్కకు అదే కావాలి.

కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాయలు కోసిన చేతుల మంట వట్టి నీళ్ళతో పోకపోవడానికి కారణం ఇదే. నూనె రాసి సబ్బుతో కడిగితే పోతుంది. నోరు మండితే మంచినీళ్ళ కంటే పాలు, పెరుగు మేలన్నది కూడా ఇందువల్లనే.

1987 నాటి పత్తి కథ

మిరప సంగతి ఇలా ఉండగా, పత్తి సంగతి కడుపు తరుక్కుపోయేది.

నాటి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 1970ల నుంచి పత్తి సాగు బాగా పెరిగింది. 1980 ప్రాంతంలో సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్, డెల్టామెత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మన మార్కెట్లోకి వచ్చాయి. చామంతి జాతి పూల నుంచి తీసే పాతకాలపు మందును పోలిన రసాయనాలు ఇవి. పూల మందు ఎండకు తొందరగా విరిగిపోతుంది. ఎండకు నిలిచే రకాన్ని ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం 1970లలో తయారుచేసింది. కొట్టిన గంటలోనే పురుగు గిలగిలలాడి పడిపోవడం చూసి రైతులు వీటిని బ్రహ్మాస్త్రంగా భావించారు. అవసరం ఉన్నా లేకపోయినా కొట్టారు.

1980ల నడిమి సంవత్సరాల్లో తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో శనగపచ్చ పురుగు చేలను నాశనం చేసింది. గూడ రాలిపోయింది, కాయల్లో తొర్రలే మిగిలాయి. ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు. ఒకే పంటకాలంలో ఇరవైసార్లకు పైగా మందు కొట్టిన రైతులున్నారు. అప్పు మీద తెచ్చిన మందు అప్పుగానే మిగిలింది. ఆ సంవత్సరం రెండు జిల్లాల్లో పలువురు పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. పురుగును చంపలేని మందు రైతును చంపిందని ఆనాడు జనం కంటతడి పెట్టుకున్నారు.

పురుగు నరం మీద పరీక్ష

మందు కల్తీ అని కొందరు, రైతుకు కొట్టడం రాలేదని కొందరు అన్నారు. కల్తీ జరగలేదని ఎవరూ అనలేరు. కాని అసలు సంగతి అంతకంటే లోతైనది.

పైరిత్రాయిడ్ మందు పనిచేసేది సరిగ్గా నరంలోని సోడియం తలుపు మీదనే. అది తలుపు సందులో మేకు కొట్టినట్టు ఇరుక్కుంటుంది. వెయ్యో వంతు సెకనులో మూసుకోవలసిన తలుపు మూతపడదు. ఒక కబురు పోవలసిన చోట పదులు, వందల కబుర్లు ఆగకుండా పోతుంటాయి. పురుగు గిలగిలలాడేది అందుకే. కొట్టిన కూలీ మొహం చిమచిమలాడేదీ అందుకే. చర్మం కింది సన్నని నరాల చివర్లలో అదే తలుపు మూతపడక, కరెంటు మళ్ళీ మళ్ళీ మోగుతూ ఉంటుంది. డీడీటీ, పైరిత్రాయిడ్ల వంటి మందులు నరంలో ఏం చేస్తాయో 1960ల నుంచి బొద్దింక నరం మీద, స్క్విడ్ నరం మీద పరీక్షలు జరిపి వివరించినవారు జపాన్‌కు చెందిన తోషియో నరహాషి.

కాగా, ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన మెక్‌కాఫ్రీ, ఆయన సహచరులు ఆంధ్రప్రదేశ్ శనగపచ్చ పురుగులకు పైరిత్రాయిడ్ల మీద నిరోధకశక్తి వచ్చిందని 1989లో ప్రకటించారు. ఆ తర్వాత భారతదేశపు పురుగుల నరాలకు తీగలు తగిలించి, వాటి మీద సైపర్‌మెత్రిన్ వేసి, కరెంటు ఎలా మోగుతుందో పరిశీలించారు. మామూలు పురుగు నరం కొద్దిపాటి మందుకే అదుపు తప్పుతుంది. నిరోధకశక్తి వచ్చిన పురుగు నరానికి మందు ఎక్కడానికి అంతకంటే ఎక్కువ మోతాదు కావాలి. ఆ పురుగు నరమే మందుకు మొద్దుబారిందన్నమాట. 1992లో ఈ సంగతి వెల్లడైంది.

ఇదొక్కటే కారణం కాదు. మందును కడుపులోనే విరిచేసే శక్తి కూడా ఆ పురుగులకు వచ్చింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1990లలో ఊరూరా పురుగులు సేకరించి జరిపిన పరీక్షల్లోనూ ఈ నిరోధకశక్తి బయటపడింది.

ఇందులో గమనించవలసిన ముఖ్య విషయం ఒకటుంది. మందు కొట్టగానే పురుగు నరం మారిపోదు. వేల పురుగుల్లో ఏ ఒకటి రెండింటికో పుట్టుకతోనే తలుపు ఆకారం కాస్త వేరుగా ఉంటుంది. మందు మిగతావాటిని చంపి వీటిని మాత్రం వదిలేస్తుంది. వీటి సంతానమే చేనంతా నిండుతుంది. అదే మందు మళ్ళీ కొడితే ఆ సంతానానికి పోటీ లేకుండా దారి చేసిపెట్టినట్టే. డీడీటీ కూడా ఇదే సోడియం తలుపు మీద పనిచేసే మందు. ఈగల్లో డీడీటీకి మొద్దుబారిన నరం పైరిత్రాయిడ్లకు కూడా లొంగలేదని ముందే తెలుసు. ఆ హెచ్చరిక మన చేల గట్టు దాకా రాలేదు.

జలగతో మొదలైన విద్య

నరానికి తీగ తగిలించి కరెంటు కొలిచే పద్ధతిలో ఒక చిక్కుంది. ఒక తీగకు ఒకటి రెండు నరకణాలు మాత్రమే అందుతాయి. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నరకణాలున్నాయి. పత్తిచేలో ఒక్క మొక్కను చూసి ఊరి పంటంతా చెప్పడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పైగా పురుగు నరకణం బహు చిన్నది. తీగ గుచ్చితే చచ్చిపోయే ప్రమాదం ఉంది.

అందువల్ల తీగ బదులు వెలుగును వాడవచ్చునా అని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. 1968లో కోహెన్, కీన్స్, హిల్లే అనేవారు నరంలో కబురు పోయేటప్పుడు దాని గుండా వెళ్ళే వెలుగు కొద్దిగా మారుతుందని కనిపెట్టారు. 1973లో సాల్జ్‌బర్గ్, డవీలా, కోహెన్ కలిసి జలగ నరకణాలకు ఒక రంగు పట్టించి, ఒక్కొక్క కబురునూ వెలుగుగా నమోదు చేశారు. మన మాగాణి గుంటల్లో కాళ్ళకు పట్టే జలగ జాతి జీవే ఈ విద్యకు తొలి మెట్టు కావడం విశేషం.

ఈ రంగు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు జవాబు ఆశ్చర్యం కలిగిస్తుంది. నరకణం పొర మందం మిల్లీమీటరులో రెండు లక్షల వంతు. అంత పల్చని పొర మీద 70 మిల్లీవోల్టులు పడితే, ఆ ఒత్తిడిని మీటరు మందానికి లెక్కగడితే కోటి వోల్టులు దాటుతుంది. మన పొలాల మీదుగా పోయే పెద్ద టవర్ల హైటెన్షన్ తీగల్లో ఉండేది నాలుగు లక్షల వోల్టులే. పొరలో ఇరుక్కున్న రంగు అణువు ఆ బ్రహ్మాండమైన ఒత్తిడిని అనుభవిస్తుంది. ఒత్తిడి మారితే దాని వెలుగు మారుతుంది. 1980లలో అమెరికాలోని కనెక్టికట్‌లో లెస్లీ లోవ్ తయారుచేసిన రంగుల్లో 100 మిల్లీవోల్టుల మార్పుకు వెలుగు సుమారు పది శాతం మారుతుంది.

జూలియస్ వాడిన కాల్షియం రంగుకూ, దీనికీ తేడా ఉంది. బోరు దగ్గర పైపులోంచి నీళ్ళు పడటం చూసి త్రీఫేజ్ కరెంటు వచ్చిందని తెలుసుకోవడం మొదటి పద్ధతి. స్టార్టరు పెట్టెలోని మీటరు ముల్లు కదలడం చూడటం రెండవ పద్ధతి. నీళ్ళు పడటానికి కొంత ఆలస్యం అవుతుంది, కరెంటు పోయినా కాసేపు పైపు కారుతుంది. ముల్లు మాత్రం ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

కెమెరాకు కూడా కష్టమే

ముల్లును చూడటం అంత తేలిక కాదు. సినిమా ఫిల్ము సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. నరంలో ఒక్క కబురు సెకనులో వెయ్యో వంతులో ముగుస్తుంది. ఒక సినిమా బొమ్మకూ, తర్వాతి బొమ్మకూ మధ్య నలభై కబుర్ల కాలం గడిచిపోతుంది. అందుకని సెకనుకు వెయ్యి బొమ్మలు తీసే కెమెరాలు కావాలి. బొమ్మ ఎంత తొందరగా తీస్తే దానిలోకి వచ్చే వెలుగు అంత తక్కువ. వెలుగు పెంచుదామంటే, ఎండలో ఆరేసిన చీర రంగు వెలిసినట్టు నరానికి పట్టించిన రంగు వెలిసిపోతుంది. కణం వేడెక్కి దెబ్బతింటుంది. ఈ మూడింటి మధ్య సర్దుబాటు చేసుకోవడమే ఈ విద్యలోని కష్టమంతా.

1990లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ రెండు ఫోటాన్ల సూక్ష్మదర్శినిని తయారుచేశారు. కంటికి కనిపించని ఎర్రకింది కిరణాలను వాడటం వల్ల ఇది మెదడులో అర మిల్లీమీటరుకు పైగా లోతు వరకూ చూడగలదు. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో కూడా ఇలాంటి సూక్ష్మదర్శినితో ఎలుక మెదడులో నరకణాల కాల్షియం వెలుగులను పరిశీలిస్తున్నారు.

రంగును పైనుంచి పట్టించే బదులు కణమే దాన్ని తయారుచేసుకునేటట్టు చేయడం తర్వాతి మెట్టు. సముద్రంలోని జెల్లీ చేపలో పచ్చగా మెరిసే ఒక ప్రోటీను ఉంది. దాన్ని వెలికితీసి, పనిముట్టుగా మలచినందుకు షిమొమురా, చాల్ఫీ, సియెన్ అనే ముగ్గురికి 2008లో నోబెల్ బహుమతి లభించింది. అటువంటి మెరిసే ప్రోటీనును, వోల్టేజి మార్పుకు కదిలే మరో సముద్రజీవి ప్రోటీనుతో అతికించి అమెరికాలో 2012లో ఆర్క్‌లైట్ అనే సాధనాన్ని తయారుచేశారు. మరుసటి సంవత్సరమే దానితో పండ్ల ఈగ మెదడులో నరాల కరెంటును వెలుగుగా చూశారు. 2019లో వోల్ట్రాన్ అనే మరింత ప్రకాశవంతమైన సాధనంతో ఎలుక, చేప, ఈగ మెదళ్ళలో ఒక్కొక్క కబురునూ పట్టుకోగలిగారు. ప్రాణంతో ఉన్న పురుగులో, కరెంటు ఏ నరంలో పుట్టి ఏ నరానికి పోతుందో కంటితో చూసే రోజు వచ్చింది.

వోల్టేజికి వెలుగు మార్చుకునే రంగులను మందుల కంపెనీలు ఇప్పటికే వాడుతున్నాయి. ఒక పళ్ళెంలో వందల చిన్న గుంటలు ఉంటాయి. ప్రతి గుంటలో కణాలు పెట్టి, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క రసాయనం వేసి, ఏది ఏ తలుపును తెరుస్తుందో, ఏది మూస్తుందో వెలుగునుబట్టి తెలుసుకుంటారు. పురుగు తలుపును మాత్రమే పట్టి, తేనెటీగనూ, మనిషినీ వదిలేసే మందును వెతకడానికి ఇది చక్కని దారి.

పేరు మారితే చాలదు, తలుపు మారాలి

ఈ సూక్ష్మదర్శిని పొలం గట్టు మీదికి వచ్చేది కాదు. కాని అది నేర్పిన పాఠం మాత్రం గట్టు మీదికి రావలసిందే.

పురుగుమందుల కొట్టులో వందల సీసాలుంటాయి. ఒక మందు పనిచేయలేదంటే కొట్టువారు మరో సీసా ఇస్తారు. పేరు వేరు, బొమ్మ వేరు, ధర వేరు. లోపలి మందు మాత్రం తరచు అదే తలుపు మీద పనిచేసేది. సైపర్‌మెత్రిన్ పనిచేయని పురుగు మీద డెల్టామెత్రిన్ కొట్టడమంటే, ఒకే తాళానికి ఒకే చెవిని రంగు మార్చి తిప్పడమే.

మందులు ఎక్కడ పనిచేస్తాయో స్థూలంగా ఇలా చెప్పుకోవచ్చు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఫెన్‌వలరేట్, లామ్డా సైహలోత్రిన్ నరం తీగలోని సోడియం తలుపు మీద పనిచేస్తాయి. క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్, ఎసిఫేట్, మోనోక్రోటోఫాస్ రెండు నరాలు కలిసే కూడలిలో పనిచేస్తాయి. అక్కడ ఒక నరం నుంచి మరో నరానికి కబురు మోసే ద్రవం పని అయిపోగానే విరిగిపోవాలి. ఈ మందులు దాన్ని విరగనివ్వవు. ఇమిడాక్లోప్రిడ్ అదే కూడలిలో కబురు అందుకునే తలుపును పట్టుకుంటుంది. ఫిప్రోనిల్ నరానికి బ్రేకు వేసే తలుపును మూసేస్తుంది. ఎమామెక్టిన్ అందుకు భిన్నంగా బ్రేకు తలుపును తెరిచిపెట్టి పురుగును చచ్చుబడేటట్టు చేస్తుంది. క్లోరాంట్రానిలిప్రోల్ నరం జోలికి పోకుండా కండరంలోని కాల్షియాన్ని వదిలించేస్తుంది. 2002 నుంచి మన దేశంలో సాగులో ఉన్న బీటీ పత్తిలోని విషం నరం మీద కాక పురుగు పేగు మీద పనిచేస్తుంది. అందుకే పైరిత్రాయిడ్లకు మొండికేసిన పచ్చపురుగు కూడా బీటీకి లొంగింది. అదే బీటీని ఏటా, ఊరంతా, వేరే ఆధారం లేకుండా వేయడంతో గులాబీరంగు పురుగు దానికీ అలవాటు పడింది. తలుపు ఏదైనా ఒకే చెవిని పదేపదే తిప్పితే జరిగేది ఇదే.

2021-22లో మిరప మీదికి వచ్చిన కొత్త రకం నల్ల తామర పురుగు విషయంలోనూ ఈ పాఠం మరువరానిది. పూతలో దూరి పూతనంతా రాల్చేసిన ఆ పురుగు మీద రైతులు రోజు విడిచి రోజు మందులు కొట్టారు. రెండు మూడు మందులు ఒకే డబ్బాలో కలిపి కొట్టినవారూ ఉన్నారు. తామర పురుగును తినే మిత్రపురుగులు ముందు చచ్చాయి. నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె, పాడైన తోటలను పీకివేయడం వంటి పద్ధతులను శాస్త్రజ్ఞులు అందుకే నొక్కి చెప్పారు.

సీసాతో సహా ఆస్పత్రికి

నరాల తలుపుల సంగతి తెలిస్తే ప్రాణాలు కూడా నిలుస్తాయి. కూడలిలో పనిచేసే ఫాస్ మందులు ఒంటికి పట్టినవారికి కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది. చొంగ కారుతుంది, చెమటలు పోస్తాయి, కండరాలు అదురుతాయి, ఊపిరి ఆడదు. దీనికి వైద్యులు అట్రోపిన్ ఇస్తారు. పైరిత్రాయిడ్ పట్టినవారికి ఆ వైద్యం విరుగుడు కాదు, వేరే విధంగా చూడాలి. అందువల్ల ఏ మందు కొట్టారో వైద్యుడికి తెలియడం అత్యవసరం. రోగితోపాటు సీసానో, దాని మీది కాగితాన్నో తప్పక తీసుకుపోవాలి. మందు తడిసిన బట్టలు వెంటనే తీసివేసి, ఒళ్ళు సబ్బుతో కడగాలి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం, పాలు, నూనె పట్టించడం ప్రమాదం. తెలివి తప్పిన మనిషి నోట్లో ఏదీ పోయరాదు.

మందు కొట్టిన రాత్రి మొహం చిమచిమలాడిందంటే మందు చర్మానికి తగిలిందని నరమే చెబుతున్నట్టు లెక్క. పైరిత్రాయిడ్ చిమచిమ మామూలుగా ఒక రోజులో తగ్గిపోతుంది. కాని పైరిత్రాయిడ్‌తోపాటు ఫాస్ మందు కలిపి కొట్టే చేలల్లో, చిమచిమ తగ్గింది గదా అని ఊరుకుంటే రెండవ మందు లోపల చేసే హాని తెలియదు. చేతితో మందు కలపడం, గాలికి ఎదురుగా కొట్టడం, తైవాన్ పంపు మోసేవాడు చొక్కా లేకుండా తిరగడం మన పల్లెల్లో నేటికీ కనిపిస్తున్నాయి. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, మూతికి గుడ్డ ఖరీదైనవేమీ కావు.

గుంటూరు పక్కనే ఉన్న లాం ఫారం 1922 నుంచి ఈ ప్రాంత పంటలకు పరిశోధన కేంద్రంగా ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా నేడు అక్కడే ఉన్నది. ఏ మందు ఏ తలుపు మీద పనిచేస్తుందో తెలుగులో, పెద్ద అక్షరాలతో అచ్చువేసి ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద, ప్రతి మందుల కొట్టు ముందు అంటించడం ఏమంత కష్టమైన పని కాదు. అది ఉంటే కొట్టువారు చేతికిచ్చిన సీసాను చూసి, ఇది గత వారం కొట్టిన తలుపేనా, వేరేదా అని రైతు అడగగలుగుతాడు. 1987లో ఆ ప్రశ్న అడగడానికి కావలసిన తెలివిడి ప్రయోగశాలల్లో ఉంది గానీ పల్లెల్లో లేదు. ఇప్పుడు నరంలోని కరెంటును వెలుగుగా చూడగలిగే కాలం వచ్చిన తర్వాత కూడా రైతు చీకట్లోనే మందు కొనవలసి రావడం న్యాయం కాదు. అధికారులు, శాస్త్రజ్ఞులు ఈ ఖరీఫ్‌కు ముందే ఈ విషయమై దృష్టి సారించడం అవసరం.